నేను నోరు కట్టేసుకున్నాకే క్లాసులో చర్చ మొదలైంది

ఒకరోజు నా క్లాసును నేనే రికార్డు చేసుకున్నాను. తొమ్మిదో తరగతి, సైన్స్, 40 నిమిషాల పీరియడ్. ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి టేబుల్ సొరుగులో పెట్టాను. ఆ రోజు లెసన్ ప్లాన్‌లో రాసుకున్నది "గ్రూప్ డిస్కషన్". సాయంత్రం ఇంట్లో కూర్చుని విన్నాను. విన్నంతసేపూ నా గొంతే. "చెప్పండి, చెప్పండి... ఎవరూ చెప్పరా? సరే, నువ్వు చెప్పు... గుడ్, కూర్చో. ఇంకెవరు?" మధ్యమధ్యలో ముగ్గురు పిల్లల గొంతులు వినిపించాయి. ఆ ముగ్గురూ రోజూ చేయి ఎత్తేవాళ్లే. మిగతా 45 మంది ఆ గదిలో ఉన్నారనడానికి బెంచీల కిర్రుకిర్రు తప్ప వేరే సాక్ష్యం లేదు.

అప్పటికి నేను టీచర్నై 11 ఏళ్లు. నా క్లాసులో పిల్లలు బాగా మాట్లాడతారని స్టాఫ్ రూమ్‌లో చెప్పుకునేదాన్ని కూడా.

నేను అడుగుతాను, ఒకరు జవాబిస్తారు, నేను "గుడ్" అంటాను, మళ్లీ నేనే అడుగుతాను. ఈ తంతు నా ఒక్కదానిదే కాదని తర్వాత తెలిసింది. సింక్లెయిర్, కౌల్తార్డ్ అనే ఇద్దరు బ్రిటిష్ భాషా శాస్త్రవేత్తలు తరగతి గదుల్లో మాటలు రికార్డు చేసి, ఈ మూడు మెట్ల వరసను 1975లోనే రాసిపెట్టారు. టీచరు మొదలుపెట్టడం, విద్యార్థి బదులివ్వడం, టీచరు తీర్పు చెప్పడం. పాఠం అర్థమైందో లేదో చూసుకోవడానికి అది పనికొస్తుంది. చర్చకు మాత్రం పనికిరాదు. ఎందుకంటే ప్రతి మాటా నా దగ్గరికే వచ్చి ఆగిపోతుంది. పిల్లలు ఒకరి మాట ఒకరు వినాల్సిన అవసరమే పడదు.

ఆ రికార్డింగ్ విని 8 ఏళ్లయింది. ఈలోపు చాలా పద్ధతులు పట్టుకున్నాను, కొన్ని వదిలేశాను. మిగిలినవి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ప్రశ్న సంగతి

చర్చ పండిందా ఎండిందా అన్నది నేను క్లాసులో అడుగుపెట్టకముందే సగం తేలిపోతుంది. నా పాత రికార్డింగ్‌లో నేనడిగిన ప్రశ్న ఇది: "కిరణజన్య సంయోగక్రియ అంటే ఏమిటి? గ్రూపుల్లో చర్చించండి." ఇందులో చర్చించడానికి ఏముంది? పుస్తకంలో నిర్వచనం ఉంది. నలుగురూ ఒక పుస్తకం మీద తలలు పెట్టి ఆ వాక్యం వెతుకుతారు. దొరికాక కబుర్లు చెప్పుకుంటారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు.

ఇప్పుడు అదే పాఠానికి నేను తీసుకెళ్లే ప్రశ్న వేరు. 17వ శతాబ్దంలో, ఇప్పటి బెల్జియం ప్రాంతంలో, వాన్ హెల్మంట్ అనే వైద్యుడు ఉండేవాడు. ఆయన ఒక పెద్ద కుండీలో బాగా ఎండబెట్టిన మట్టిని 200 పౌండ్లు, అంటే సుమారు 90 కిలోలు, తూచి పోశాడు. అందులో 5 పౌండ్ల విల్లో మొక్క నాటాడు. దుమ్ము పడకుండా కుండీకి చిల్లుల మూత పెట్టి, నీళ్లు మాత్రం పోస్తూ 5 ఏళ్లు పెంచాడు. తర్వాత చెట్టును పీకి తూస్తే 169 పౌండ్ల చిల్లర తూగింది.

ఇక్కడ ఆపుతాను. "మట్టిని కూడా మళ్లీ ఎండబెట్టి తూచాడు. ఎంత తగ్గి ఉంటుంది? మీ నోట్‌బుక్‌లో ఒక అంకె రాయండి." పిల్లలు 150 అంటారు, 100 అంటారు, ఒకరిద్దరు 164 అని లెక్క కట్టి మరీ రాస్తారు. అందరూ రాశాక బోర్డు మీద అసలు సంగతి రాస్తాను: తగ్గింది 2 ఔన్సులు. అంటే 60 గ్రాములు కూడా లేదు.

గదిలో కలకలం మొదలవుతుంది. దాన్ని చల్లారనివ్వకుండా వెంటనే అసలు ప్రశ్న వేస్తాను: "మరి ఆ 164 పౌండ్ల చెట్టు ఎక్కడి నుంచి వచ్చింది?"

ప్రశ్న మంచిదో కాదో తేల్చుకోవడానికి నాకొక కొలత ఉంది. తెలివిగల పిల్లలు దానికి ఇవ్వగలిగే వేర్వేరు జవాబులు కనీసం మూడు నా నోట్‌బుక్‌లో రాయగలగాలి. మూడూ కొంత నమ్మేలా ఉండాలి. చెట్టు ప్రశ్నకు నీళ్లు, ఎండ, గాలి, "కళ్లకు కనపడని ఎరువు" అని నాలుగు దొరికాయి. ఒక్కటే దొరికితే అది పరీక్ష పేపర్లోకి వెళ్లాల్సిన ప్రశ్న. పది దొరికి, ఏది ఎందుకు సరైనదో తేల్చే ఆధారమే లేకపోతే అది కాలక్షేపం.

మిగతా సబ్జెక్టులకూ ఇదే వర్తిస్తుంది. మా లెక్కల టీచరు ఒకావిడ అడిగే ప్రశ్న నాకు చాలా ఇష్టం: "0.999... అని దశాంశ బిందువు తర్వాత 9లు ఎప్పటికీ ఆగకుండా వెళ్తే, ఆ సంఖ్య 1 కంటే చిన్నదా, 1కి సమానమా?" క్లాసు రెండు ముక్కలైపోతుంది. సమానమని నిరూపించడం పిల్లల చేతనవుతుంది, కానీ ఒప్పుకోబుద్ధి కాదు. అందులోనే ఉంది మజా. కథ చెప్పే క్లాసులో అయితే "ఈ కథలో నీతి ఏమిటి?" అని అడిగితే అందరూ ఒకే మాట అప్పజెబుతారు. "ఏ వాక్యం దగ్గర ఈ మనిషి మీద మీకు నమ్మకం పోయింది? వేలు పెట్టి చూపించండి" అని అడిగి చూడండి. వేళ్లు నాలుగు చోట్ల పడతాయి. అక్కడి నుంచి చర్చ దానంతటదే నడుస్తుంది.

గ్రూపుకు ఎంతమంది

నలుగురు. అయిదుగురు కూడా కాదు. ఇంత కచ్చితంగా ఎందుకంటున్నానంటే, ఆరుగురి గ్రూపులు పెట్టి చూశాను. ముగ్గురు మాట్లాడతారు, ఒకరు రాస్తారు, ఇద్దరు గోళ్లు చూసుకుంటారు. రింగెల్‌మన్ అనే ఫ్రెంచి ఇంజినీరు చాలాకాలం క్రితం మనుషుల చేత తాడు లాగించి బలం కొలిచాడు. ఆ లెక్కలు 1913లో అచ్చయ్యాయి. ఎనిమిది మంది కలిసి లాగితే ఒక్కొక్కరి వాటా, ఒంటరిగా లాగినప్పటి బలంలో దాదాపు సగానికి పడిపోయింది. కొంత పొత్తు కుదరక, కొంత "పక్కవాడు లాగుతున్నాడులే" అన్న ధీమా. తాడుకే అలా ఉంటే ఆలోచనకు ఎలా ఉంటుందో చూసుకోండి.

గది మార్చాల్సిన పనిలేదు. మా బెంచీలు బరువైనవి, జరపడానికే పది నిమిషాలు పోతుంది. ముందు బెంచీలో ఇద్దరు వెనక్కి తిరిగితే వెనక ఇద్దరితో కలిసి నలుగురవుతారు. అంతే. బెంచీకి ముగ్గురుంటే మాత్రం ఆ ముగ్గురినే ఒక గ్రూపుగా ఉంచండి. మధ్యలో ఉన్నవాళ్లు కాస్త వెనక్కి జరగాలి, లేకపోతే చివర కూర్చున్న ఇద్దరికీ ఒకరి మొహం ఒకరికి కనపడదు. మొహం కనపడనివాళ్లతో ఎవరూ వాదించరు. చిన్న విషయమే, కానీ నాకు తట్టడానికి రెండేళ్లు పట్టింది.

గ్రూపు లీడరును పెట్టడం మానేశాను. లీడరు అనగానే బాగా చదివే పిల్లే అవుతుంది, ఆ పిల్లే ఆలోచిస్తుంది, ఆ పిల్లే లేచి చెబుతుంది. మిగతా ముగ్గురూ గంగిరెద్దుల్లా తలూపుతారు. దాని బదులు నలుగురికీ 1 నుంచి 4 దాకా నంబర్లు ఇస్తాను. చర్చ అయ్యాక చీటీ తీస్తాను. 3 వస్తే ప్రతి గ్రూపులోనూ 3వ నంబరే లేచి చెప్పాలి. ఎవరి వంతు వస్తుందో ముందుగా నాకూ తెలీదు కాబట్టి, గ్రూపు తనంతట తానే వెనకబడ్డవాళ్లకు చెప్పి సిద్ధం చేస్తుంది. "ఒరేయ్, నీకొస్తే ఏం చెప్తావ్, ఒకసారి చెప్పు" అన్న గుసగుస వినపడితే సగం పని అయిపోయినట్టే.

పాఠంలో వాదించడానికేమీ లేక చదివి తెలుసుకోవాల్సిందే ఎక్కువుంటే, వేరే దారి ఉంది. 1971లో అమెరికాలోని ఆస్టిన్‌లో ఎలియట్ అరన్‌సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త జిగ్సా పద్ధతి మొదలుపెట్టాడు. అప్పుడే నల్లజాతి, తెల్లజాతి పిల్లలను ఒకే బడిలో కలిపారు, గదుల్లో కొట్లాటలు. ఆయన పాఠాన్ని ముక్కలు చేసి తలా ఒక ముక్క ఇచ్చాడు. నా దగ్గర ఉన్న ముక్క నీ దగ్గర లేదు, కాబట్టి నా మాట నువ్వు వినక తప్పదు. నేను దాన్ని ఏడాదికి మూడు నాలుగుసార్లకు మించి వాడను, తయారీకి టైమ్ ఎక్కువ పడుతుంది. కానీ కొత్తగా కలిసిన క్లాసుకు బాగా పనిచేస్తుంది.

నిశ్శబ్దం: అన్నిటికంటే కష్టమైన పని ఇదే

ప్రశ్న వేశాక నేరుగా గ్రూపుల్లోకి పంపకండి. ముందు 2 నిమిషాలు ఎవరికివారు రాసుకోవాలి. ఒక వాక్యం చాలు, తప్పయినా పర్లేదు. తర్వాత పక్కవాళ్లతో ఇద్దరిద్దరు. ఆ తర్వాతే నలుగురు. ఒంటరిగా ఆలోచించి, జతగా మాట్లాడి, అప్పుడు అందరితో పంచుకునే ఈ వరసను ఫ్రాంక్ లైమన్ అనే అమెరికన్ అధ్యాపకుడు 1981లో రాశాడు. ఇప్పుడు ట్రైనింగుల్లో అందరూ చెప్పేదే. కానీ ఆ మొదటి మెట్టును చాలామంది ఎగ్గొడతారు, నేనూ ఎగ్గొట్టేదాన్ని. "రాయడానికి టైమెక్కడిది?" అని.

రాయకపోతే ఏమవుతుందో చెబుతాను. గ్రూపులో మొదట నోరు విప్పినవాళ్ల మాటే అందరి మాట అయిపోతుంది. 1951లో సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త గీతల పొడవులు పోల్చమని మనుషులను అడిగాడు. గదిలో మిగతావాళ్లంతా ఆయన మనుషులే, కావాలని అందరూ ఒకే తప్పు జవాబు చెప్పారు. అసలు పరీక్ష ఎవరి మీదో ఆ మనిషి కూడా దాదాపు మూడో వంతు సార్లు ఆ తప్పుకే తల ఊపాడు, కళ్లెదుట గీత కనపడుతూనే. గుంపులో ఒక్కరు నిజం చెబితే మాత్రం ఆ ఒత్తిడి చాలావరకు విరిగిపోయింది. నోట్‌బుక్‌లో తన చేత్తో రాసుకున్న వాక్యం అలాంటి తోడు. "నేనిలా రాశాను మరి" అని పిల్లలు దాన్ని చూపించగలుగుతారు.

ఇక టీచరు నిశ్శబ్దం. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970ల్లో సైన్స్ క్లాసుల టేపులు విని కొలిచింది. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఆగేది దాదాపు 1 సెకను. దాన్ని 3 సెకన్లకు పెంచితే జవాబులు పొడవయ్యాయి, జవాబే రాకపోవడం తగ్గింది, పిల్లలు తమంతట తాము ప్రశ్నలడగడం పెరిగింది. ఆమె ఇంకో నిశ్శబ్దాన్ని కూడా కొలిచింది. దాని గురించి తక్కువమంది చెబుతారు: విద్యార్థి చెప్పడం ఆపాక, టీచరు నోరు తెరిచే ముందు ఉండే ఖాళీ. నాకు ఎక్కువ లాభం కలిగింది అక్కడే. పిల్లలు ఒక వాక్యం చెప్పి ఆగుతారు, మనం వెంటనే "గుడ్" అని మూత పెట్టేస్తాం. ఆగి చూస్తే, రెండో వాక్యం వస్తుంది. చాలాసార్లు అసలు ఆలోచన ఆ రెండో వాక్యంలోనే ఉంటుంది.

3 సెకన్లంటే ఏముంది అనిపిస్తుంది. 48 జతల కళ్లు మనవైపే చూస్తుంటే అది 3 నిమిషాల్లా ఉంటుంది. మొదట్లో నా వల్ల కాలేదు. రెండో సెకనుకల్లా నోరు దురద. చివరికి చాక్‌పీస్‌ను గుప్పిట్లో పట్టుకుని, కిటికీ ఊచలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. మా గదిలో కిటికీకి ఏడు ఊచలు. ఏడో ఊచ దాకా మాట్లాడకూడదని నాకు నేనే పెట్టుకున్న రూలు. పిల్లలకు మొదట భయమేసింది, "టీచర్‌కి కోపమొచ్చిందిరా" అనుకున్నారట. అందుకే ముందే చెప్పేయండి: "నేను మాట్లాడకపోతే ఆలోచించుకోమని అర్థం, కోపం కాదు."

వాళ్లు మాట్లాడుతుంటే మీరేం చేయాలి

కుర్చీలో కూర్చుని రికార్డులు రాసుకోకూడదు. నిజంగా చెబుతున్నా, ఆ ఆశ చాలా పెద్దది. ఎనిమిది నిమిషాలు ఖాళీ దొరికినట్టే ఉంటుంది. కానీ మొత్తం పీరియడ్‌లో టీచరు పని ఎక్కువగా ఉండేది అప్పుడే.

చేతిలో ఒక కాగితం పట్టుకుని తిరుగుతాను. కాగితం మీద 12 గడులు, ఒక్కో గ్రూపుకు ఒకటి. పక్కన నిలబడి అర నిమిషం వింటాను, గడిలో రెండు మూడు మాటలు రాసుకుంటాను. "నీళ్లు – 5 ఏళ్లు పోశాడు కాబట్టి." "ఎండ. బరువెలా? తెలీదు." "గాలి అంటున్న ఒక్క పిల్ల, ముగ్గురూ నవ్వుతున్నారు." ఈ కాగితమే నాకు తర్వాతి 15 నిమిషాలకు దారి చూపిస్తుంది. ఏ గ్రూపుతో మొదలుపెట్టాలో, ఎవరిని చివరికి ఉంచాలో అప్పుడే తేల్చుకుంటాను. నా వరస ఇది: ఎక్కువమంది నమ్మిన జవాబు ముందు, దానికి అడ్డం తగిలే అనుమానం తర్వాత, అసలు జవాబుకు దగ్గరగా ఉన్నది ఆఖర్న. సరైన జవాబుతో మొదలుపెడితే మిగతావాళ్లు తమ కాగితాలు మడిచి దాచేసుకుంటారు.

తిరుగుతుంటే అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "ఇది కరెక్టేనా టీచర్?" ఇక్కడ తలూపారా, ఆ గ్రూపులో చర్చ ముగిసినట్టే. మొహం కూడా జాగ్రత్తగా పెట్టుకోవాలి, పిల్లలు మన కనుబొమలు చదవగలరు. నేను చెప్పే మాట: "కిటికీ దగ్గర గ్రూపు వేరేలా అంటోంది. మీలోంచి ఒకళ్లు వెళ్లి విని రండి." రాయబారి వెళ్తాడు, వాదన వేసుకుని తిరిగొస్తాడు.

గోల సంగతి. గోల ఉంటుంది. చర్చ గోలకూ కబుర్ల గోలకూ తేడా చెవికి తెలుస్తుంది. చర్చలో "ఎందుకు?", "కాదు కాదు", "ఆగు" వినపడతాయి, తలలు దగ్గరగా ఉంటాయి. కబుర్లలో నవ్వులు ఒక్కసారిగా లేస్తాయి, ఒళ్లు వెనక్కి వాలతాయి. ఆపడానికి అరవను. చేయి ఎత్తి నిలబడతాను, చూసినవాళ్లు తామూ ఎత్తి నోరు మూస్తారు. మొదటి వారం దీన్ని ఆటలా నాలుగైదుసార్లు ప్రాక్టీసు చేయించాలి, లేకపోతే అది పనిచేయదు. గ్రూపు చర్చను అది వాడిపోకముందే ఆపండి. "ఇంకో రెండు నిమిషాలు టీచర్" అన్నప్పుడు ఆపితే ఆ వేడి పెద్ద చర్చలోకి వస్తుంది.

అందరూ కలిసే చర్చ

నేను బోర్డు పక్కకు జరుగుతాను. మధ్యలో నిలబడితే అందరూ నాతోనే మాట్లాడతారు. పిల్లలు చెప్పినవి వాళ్ల మాటల్లోనే బోర్డు మీద రాస్తాను. "నీళ్లు తాగి తాగి చెట్టు లావైంది" అంటే అదే రాస్తాను. శాస్త్రీయ పదాల్లోకి మార్చితే ఆ వాక్యం వాళ్లది కాకుండా పోతుంది. యాస కూడా దిద్దను. ఆలోచన పుడుతున్నప్పుడు భాష దిద్దితే రెండూ ఆగిపోతాయి. దిద్దడానికి రాత పని ఉందిగా.

"గుడ్" అనడం మానేయడం నాకు పొగాకు మానేసినంత కష్టమైంది. దాని స్థానంలో కొన్ని మాటలు నాలుకకు అలవాటు చేసుకున్నాను. "అలా ఎందుకనిపించింది?" "ఆమె ఏం చెప్పిందో నీ మాటల్లో చెప్పు, తర్వాత నీ మాట చెబుదువు గాని." "దీనికి ఒప్పుకోనివాళ్లు ఎవరు?" "ఇది నిజమైతే ఇంకేం నిజమవ్వాలి?" రెండోది బంగారం లాంటిది. తర్వాత తనను అడుగుతారని తెలిస్తే తప్ప పిల్లలు వినరు. మనమూ అంతే కదా, మీటింగుల్లో.

చెట్టు చర్చలో ఒకసారి ఇలా జరిగింది. గాలి అన్న అమ్మాయి భయపడుతూనే లేచింది. "గాలిలోంచి కూడా వచ్చుండచ్చు టీచర్." వెనక బెంచీ అబ్బాయి ఒకడు పగలబడి నవ్వి, "గాలికి బరువెక్కడిది? బరువుంటే మన నెత్తిన పడదా?" అన్నాడు. క్లాసంతా వాడివైపే. నా నోటి చివర జవాబు సిద్ధంగా ఉంది. కిటికీ ఊచలు లెక్కపెట్టాను. అయిదో ఊచ దగ్గర, అసలెప్పుడూ చేయి ఎత్తని ఫుట్‌బాల్ పిచ్చోడొకడు, "బాల్‌కి గాలి కొట్టాక తూచితే తెలిసిపోద్దిగా" అన్నాడు. ఆ మాట నా లెసన్ ప్లాన్‌లో లేదు. మర్నాడు డిజిటల్ త్రాసు తెచ్చి, మెత్తగా ఉన్న బాల్‌ను తూచి, గట్టిగా గాలి కొట్టి మళ్లీ తూచాం. కొన్ని గ్రాములు పెరిగింది. నవ్వినవాడు త్రాసు బాగాలేదన్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. సరే, నువ్వే తూచు అని వాడి చేతికే ఇచ్చాను. మూడుసార్లు తూచాడు.

నేనే ఆ రోజు "గాలికి బరువుంటుంది బాబూ" అని చెప్పేసి ఉంటే, 10 సెకన్లలో అయిపోయేది. మర్నాటికి మర్చిపోయేవాళ్లు.

వాగుడుకాయలు, మౌనమునులు

అతిగా మాట్లాడేవాళ్లను ఆపడానికి చీటీల పద్ధతి ఒకటి ఉంది. తలా మూడు కాగితం ముక్కలు ఇస్తారు, మాట్లాడిన ప్రతిసారీ ఒకటి ఖర్చు. నేను చేసి చూశాను, నాకు నచ్చలేదు. పిల్లల ధ్యాసంతా చీటీల మీదే. ఒకడు మొదటి నిమిషంలోనే మూడూ పారేసి "నా పని అయిపోయింది" అని చేతులు కట్టుకున్నాడు. దానికంటే, బాగా మాట్లాడే పిల్లలకు కష్టమైన పని అప్పజెప్పండి: ఈ రోజు నువ్వు సొంతంగా ఏమీ చెప్పకూడదు, ఎవరెవరు ఎక్కడ విభేదించారో చివర్లో క్లాసుకు చెప్పాలి. వాళ్లకు అది గౌరవంగానే అనిపిస్తుంది, వినడమూ వస్తుంది.

మాట్లాడనివాళ్ల విషయంలో నేనొక తప్పు చేశాను. ఆ రికార్డింగ్ విన్న ఏడాదే, కొత్త ఉత్సాహంలో, అయిదు నెలలుగా ఒక్క మాటా మాట్లాడని అమ్మాయిని హఠాత్తుగా లేపి "నీ అభిప్రాయం చెప్పు" అన్నాను. లేచి నిలబడింది. నేను ఓపిగ్గా ఆగాను. కొత్తగా నేర్చుకున్న ఓపిక కదా. ఆ నిశ్శబ్దం ఆ పిల్లకు ఎలా ఉందో నాకు తట్టలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ ఏడాది మళ్లీ నా క్లాసులో తల ఎత్తి చూడలేదు.

ఇప్పుడైతే గ్రూపుల మధ్య తిరుగుతున్నప్పుడే అలాంటివాళ్ల నోట్‌బుక్ చూస్తాను. "ఈ వాక్యం మన చర్చకు కావాలి. తర్వాత నీ పేరు పిలుస్తాను, లేచి ఇది చదివితే చాలు. ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పు, నీ పక్కమ్మాయి చదువుతుంది" అని మెల్లగా చెబుతాను. వద్దన్నవాళ్లు తక్కువ. వాళ్ల వాక్యం బోర్డెక్కి, దాని మీద మిగతావాళ్లు వాదించుకోవడం చూశాక, మూడో నాలుగో చర్చకు పిలవకుండానే చేయి లేస్తుంది. కొంతమందికి ఏడాదంతా లేవదు. వాళ్లు బాగా రాస్తారు. నాకది చాలు.

"నీకేం తెలుసు", "మూసుకో" లాంటివి వినపడితే మాత్రం ఏ చర్చనైనా అక్కడే ఆపేస్తాను. మాటను కొట్టొచ్చు, మనిషిని కొట్టకూడదు. ఇదొక్కటే నా క్లాసులో గోడ మీద రాసి ఉన్న నియమం.

చివర్లో జవాబు చెప్పాలా?

చెప్పాలి. "అందరి అభిప్రాయాలూ మంచివే" అని చేతులు దులుపుకుని వెళ్లిపోవడం సైన్స్ క్లాసులో దగా. తప్పు జవాబుతో పిల్లలను ఇంటికి పంపకూడదు. కథల మీద చర్చలో చివరి మాట తెరిచి ఉంచొచ్చు, అది వేరు.

చెట్టు కథకు ముగింపు ఇలా చెబుతాను. వాన్ హెల్మంట్ చెట్టు బరువంతా నీళ్లదే అనుకున్నాడు. అంటే మీలో సగం మంది చేసిన పొరపాటే ఆయనా చేశాడు. చెట్టులో నీళ్లు ఉన్న మాట నిజమే. కానీ చెట్టును పూర్తిగా ఎండబెట్టాక మిగిలే కట్టెలో ఎక్కువ బరువు కార్బన్, ఆక్సిజన్లది. అవి వచ్చింది గాల్లోని కార్బన్ డయాక్సైడ్ నుంచి. తమాషా ఏమిటంటే, "గ్యాస్" అన్న మాటను పుట్టించిందే వాన్ హెల్మంట్. బొగ్గు కాల్చినప్పుడు వచ్చే వాయువు, అంటే ఇప్పుడు మనం కార్బన్ డయాక్సైడ్ అనేదాన్ని, గుర్తించిందీ ఆయనే. రెండు సంగతులూ చేతిలో ఉండి కూడా కలపలేకపోయాడు. గాలి అన్న అమ్మాయి మొహం అప్పుడు చూడాలి.

ఆఖరి 3 నిమిషాలు చిన్న చీటీ మీద మూడు లైన్లు రాయిస్తాను. ముందు ఏమనుకున్నాను. ఇప్పుడు ఏమనుకుంటున్నాను. ఎవరి మాట వల్ల మారాను, లేదా మారలేదు. మార్కులు వేయను. మూడో లైను కోసమే ఆ చీటీలు దాచుకుంటాను. నా పేరు ఎంత తక్కువ కనపడితే ఆ రోజు క్లాసు అంత బాగా జరిగినట్టు లెక్క.

టైమ్ లెక్క అడిగేవాళ్ల కోసం: 40 నిమిషాల్లో కథ చెప్పడానికి, ప్రశ్నకు కలిపి 4, ఒంటరి రాతకు 2, జతకు 3, నలుగురి చర్చకు 8, అందరి చర్చకు 15, ముగింపుకు 5, చీటీకి 3. గడియారంతో కుస్తీ పట్టినా ఎప్పుడూ అందరి చర్చే జారుతుంది, ముందే అనుకోండి. సిలబస్ ఏమవుతుందని మా హెచ్‌ఎం కూడా అడిగారు. రోజూ చేస్తే సిలబస్ అవ్వదు, నిజమే. నేను పది రోజులకోసారి చేస్తాను. పాఠం మొత్తానికి ఇరుసు లాంటి ప్రశ్న ఎక్కడుందో అక్కడే. నిర్వచనాలు, యూనిట్లు, ల్యాబ్‌లో యాసిడ్ జాగ్రత్తలు ఇవి చర్చకు పెట్టేవి కావు, నేరుగా చెప్పేయాలి.

మొదలుపెట్టే ముందు మీరూ ఒక పీరియడ్ రికార్డు చేసుకోండి. ఎవరికీ వినిపించక్కర్లేదు, విన్నాక చెరిపేయండి. వింటూ కాగితం మీద రెండే గుర్తులు పెట్టుకోండి: మీరు నోరు తెరిచినప్పుడల్లా ఒక గీత, ఒక విద్యార్థి ఇంకో విద్యార్థి మాటకు బదులిచ్చినప్పుడల్లా ఒక చుక్క. నా మొదటి కాగితం నిండా గీతలే, చుక్క ఒక్కటీ లేదు. మొన్నటి చెట్టు క్లాసులో చుక్కలు 19.

ఆ క్లాసు బెల్ కొట్టాక కూడా ఒకడు బయటికి కదల్లేదు. "మరి చెట్టు చచ్చిపోయి కుళ్లిపోతే ఆ బరువంతా ఎక్కడికి పోతుంది టీచర్?" అన్నాడు. బోర్డు మూల వాడి చేతే రాయించి, చుట్టూ గడి గీసి, "చెరపవద్దు" అని కింద రాశాను. తర్వాతి పీరియడ్ ఇంగ్లిష్ సారు దాని చుట్టూ తిప్పి రాసుకున్నారు.